సైకిలుకు తలంటు

ప్రార్థన చేసుకుని బయలుదేరిన మనిషి గుమ్మం దాటాక మళ్ళీ బ్రేకు నొక్కి చూసుకుంటే, అది అపనమ్మకం కిందికి వస్తుందా, రాదా? జయకర్ ఈ అనుమానాన్ని నిక్కరు వేసుకునే రోజుల నుంచీ మోస్తున్నాడు. పాస్టరు గారిని అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్నాడు. ఒకసారి అడగబోయాడు కూడా. ఆ వేళకు ఆయన ఎవరింట్లోనో ప్రార్థన ముగించి బయటికొచ్చి, ఆమెన్ అన్న నోరు ఇంకా మూయకుండానే, తన మోటారుసైకిలు వెనక టైరును బొటనవేలితో నొక్కి చూసుకుంటున్నారు. అది చూశాక అడగడం మర్యాద అనిపించలేదు. అడగని ప్రశ్న పంటి సందున ఇరుక్కున్న జీడిపలుకులా ఉండిపోయింది. నొప్పి లేదు, కానీ నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. ఇవాళ మరీ పోతోంది. టెక్కలి అవతల గొడుగుకొండ కింద, క్వారీవాళ్ళు వదిలేసిపోయిన రాతిదిమ్మ మీద కూర్చుని, చొక్కా జేబులో మేనకోడలి ఫోను పెట్టుకుని, అతను కొండకేసి చూస్తున్నాడు. "పడితే పగిలిపోద్ది మావా, నీ దగ్గరుంచు" అని ఇచ్చింది షైని, బండి ఎక్కేముందు. ఫోను పగిలిపోతుందంది గానీ తను పడితే ఏమవుతుందో అనలేదు. ఆ చిన్న లారీ సైకిళ్ళనూ పిల్లలనూ వేసుకుని క్వారీ బాట మీదుగా, కొండకు అవతలి వైపు నుంచి పైకి పోయింది. పోటీలో సైకిలు మీద దిగడం మాత్రం ఇవతలి వైపు నుంచి, జీడిచెట్ల మధ్యన, రాళ్ళ మీదుగా, సున్నంతో పెట్టిన గుర్తుల వెంట, ఒకరి తరవాత ఒకరు. పైన విజిలు వినపడితే ఒకరు బయలుదేరినట్టు. మూడు చరణాల కీర్తన నెమ్మదిగా పాడుకునేంతలో కింద తేలతారు. కొందరు తేలారు, దుమ్ము కొట్టుకుని, పళ్ళు మాత్రం తెల్లగా. షైని వంతు చివరాఖర్న. ఆమె వెనక ఇంకొక్కడే ఉన్నాడు.

గాలి వీచినప్పుడల్లా జీడిపూత వాసన వస్తోంది, తియ్యగా, కాస్త పచ్చిగా. పలాసలో అతను పనిచేసే కార్ఖానాలో తెలిసిన జీడివాసన ఇది కాదు. అది కాల్చిన తొక్కల వాసన, గొంతు పట్టేసే వాసన, ఆదివారం తలస్నానం చేసి గుడికి వెళ్ళినా పక్కవాళ్ళకు తెలిసిపోయే వాసన. చెట్టు మీద ఇంత సున్నితంగా ఉన్నది అంత ఘాటుగా ఎలా మారుతుందో. పిల్లలూ అంతే. ఈ షైని ఉయ్యాలలో ఉన్నప్పుడు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి ఏడ్చేది. షైని తల్లి, జయకర్ అప్ప ఇవాంజెలిన్ బారువలో సముద్రపు హోరుకు దగ్గరగా కాపురం ఉంటూ, ఆ హోరుకు పిల్ల నిద్రపోదని, పుట్టింటికి తెచ్చి నెలల తరబడి తమ్ముడి భుజం మీద పడుకోబెట్టేది. ఆ భుజం మీద నిద్రపోయిన గుంట ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, జీతంలో మిగిల్చుకుని, ఎవరో వాడి వదిలేసిన కొండ సైకిలు కొనుక్కుని, దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, ఇలా కొండలెక్కి దూకుతోంది. అప్ప ఫోనులో ఏడ్చింది, తిట్టింది, చివరికి, "నాను సూడనేను తమ్ముడూ, నువ్వు దగ్గరుండు, నువ్వుంటే నాకు దిగులు నేదు" అంది. నువ్వుంటే దిగులు లేదు. ఆ మాట ఇప్పుడు ఫోను కంటే బరువుగా ఉంది జేబులో.

నిన్న సాయంత్రం ఆ సైకిలును ఇంటి అరుగు మీద నిలబెట్టినప్పుడు అతని భార్య విమలకుమారి చుట్టూ తిరిగి చూసి, "ఇదేటి, దీనికి మోకాళ్ళున్నాయి" అంది. నిజమే, ముందు చక్రానికి రెండు లావుపాటి గొట్టాలు, ఒకదానిలోంచి ఒకటి జారేవి. వెనక చట్రం మధ్యలో ఒక స్ప్రింగు. రాయి తగిలితే అవి కుంగి, ఆ దెబ్బ మనిషిదాకా రానివ్వవట. షైని ఆ గొట్టాలను తడిగుడ్డతో, పసిపిల్ల ముక్కు తుడిచినట్టు తుడిచింది. ఇసక రేణువొకటి ఉండిపోయినా లోపలి రబ్బరును కోసేస్తుందట. నీళ్ళ పైపు పట్టుకొస్తానంటే వద్దంది, ధార కొడితే బేరింగుల్లోకి నీరు దూరుతుంది, మగ్గుతో చాలంది. ప్రతి మరనూ ఒక తాళపుచెవిలాంటి దాంతో బిగించి, ఇంతకంటే బిగిస్తే తెగుతుంది, తక్కువైతే ఊడుతుంది అంది. గొలుసుకు చుక్క చుక్కగా నూనె వేసి, పైన మిగిలిందంతా మళ్ళీ తుడిచేసింది. వేసినదాన్ని తుడవడమెందుకో అతనికి అర్థం కాలేదు. తరవాత మోకాళ్ళకూ మోచేతులకూ కవచాలు కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, యుద్ధానికి పోయేదానిలా సైకిలెక్కి, "మావా, గట్టిగా పట్టుకో, నా బరువెంతో స్ప్రింగుకి తెలియాల" అని నిలబడింది. గొట్టం మీదున్న చిన్న రబ్బరు ఉంగరం ఎంత కిందికి జారిందో చూసుకుని, చిన్న పంపుతో కాస్త గాలి కొట్టి, మళ్ళీ నిలబడి, మళ్ళీ చూసుకుంది. ఎక్కువ గట్టిగా ఉంటే చక్రం రాళ్ళ మీద ఎగిరిపడుతుంది, మరీ మెత్తగా ఉంటే గుంటలో అడుగుకంటా కూలబడుతుంది. పట్టుకున్న సైకిలు చేతుల్లో మెల్లగా కుంగి లేస్తుంటే జయకర్‌కు ఎందుకో ఊపిరి తీస్తున్న జంతువును పట్టుకున్నట్టు అనిపించింది. అప్పుడే, ఆ క్షణంలోనే, ఆ సైకిలు మీద ప్రేమ పుట్టేసింది. అంతా అక్కణ్ణించే వచ్చింది.

అంతకుముందే, పొద్దు ఉండగానే, ఇద్దరూ వచ్చి ఈ దారంతా కాలినడకన ఎక్కి దిగారు. "నడిసి సూడని దారి తొక్కకూడదు మావా" అని ప్రతి మలుపులో నిలబడి, ఈ రాయి కదులుతోంది, ఇక్కడ మట్టి పొడి, ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారుతుంది, ఇక్కడికి రాకముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో కాదు, అని తనలో తను చెప్పుకుంది. చక్రం ముందున్న రాయిని చూస్తే ఆ రాయికే పోయి గుద్దుతావు, పోవలసిన చోటును చూడు, సైకిలు అక్కడికే పోతుంది అని కూడా అంది. ఆ మాట పాస్టరు గారు చెప్పినట్టే ఉందని అతను నవ్వుకున్నాడు. అయినా, రొప్పుతూ ఆమె వెనక దిగుతూ, ఇంత చూసుకునే పిల్ల దేవుడికి చూసుకోవడానికి ఏం మిగిల్చింది అని కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు వెంటనే నొచ్చుకున్నాడు. ఆ నొచ్చుకోలు రాత్రంతా ఉంది. అందుకే తెల్లవారకముందే లేచాడు. షైని నిద్రలో ఉంది. విమలకుమారి వంటింట్లో ఉంది. అలమరలో పెద్దక్షరాల బైబిలు పక్కన ఆ సీసా ఉంది, ఉపవాస కూడికలో స్త్రీలంతా చేతులుంచి ప్రార్థించిన కొబ్బరినూనె సీసా. సొంత చెట్ల కాయల నూనె, గానుగలో ఆడించింది. తలనొప్పికి అదే, పరీక్షకు వెళ్ళే పిల్లల నుదుటికి అదే, మొరాయించిన మోటారు పంపుకు కూడా ఒకసారి అదే. ఒక చుక్క చాలు. ఒక చుక్క రాసి ఊరుకుందామనే అనుకున్నాడు, హ్యాండిలు మీద. రాశాడు. చట్రం మీద రాశాడు. ఒక్కో చక్రం నడిమధ్యన పళ్ళెంలా మెరుస్తున్న ఇనప డిస్కులు కనపడ్డాయి. కన్నాలు కన్నాలుగా, జంతికల అచ్చులా, ఎంత ముద్దొచ్చాయో. ఈ సైకిలు మూడు రోజులు బారువలో అప్పగారింటి వెనక ఉప్పుగాలికి ఉంది. ఆ గాలికి కత్తిపీట ఆగదు, తలుపు గొళ్ళెం ఆగదు. ఆ తీరాన ఇనుమన్నదానికల్లా కొబ్బరినూనె రాయని ఇల్లు లేదు. గొలుసుకు నూనె వేసింది గదా, పాపం దీన్ని మర్చిపోయింది. అలా అనుకుని అరచేతిలో పోసుకున్నాడు. ప్రార్థన చేస్తూ, పేరు పేరునా దేవుణ్ణి అడుగుతూ, ముందుదానికీ వెనకదానికీ, ఇటూ అటూ, కన్నాల్లోకి వేలు పెట్టి మరీ పట్టించాడు. షైనికి చెప్పలేదు. చెప్తే నవ్వుతుందని. లేవగానే సైకిలును ఎత్తి ఆటో ట్రాలీలో పెట్టారు, ఇక్కడ దింపి లారీలో పెట్టారు. నేల మీద అది ఒక్క గజం కూడా దొర్లలేదు.

"బావా, ఆ రెంచి ఇలగందుకో" అన్నాడు ధర్మారావు.

దిమ్మ పక్కనే గోనెపట్టా పరుచుకుని, ధర్మారావు ఎవరిదో విప్పిన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కోటబొమ్మాళిలో అతనికి సైకిలు షాపుంది. పోటీ పెట్టినవాళ్ళు పిలిస్తే సామాను మూట కట్టుకుని వచ్చాడు. కులం వేరు, దేవుడు వేరు, వరస మాత్రం చిన్నప్పుడే కుదిరిపోయింది, బావా అంటే బావా. జయకర్ రెంచి అందిస్తూ చూశాడు. ధర్మారావు ఎడమచేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఉన్నాడు.

"ఆ కవరేటి, పెళ్ళిలో లడ్డూలు వడ్డించినట్టు?"

"నవ్వు, నవ్వు. ఈ పళ్ళేనికి సెయ్యి తగలకూడదు బావా. ఏలి జిడ్డు అంటినా సాలు, బ్రేకు పట్టదు."

"ఏలి జిడ్డుకేనా?"

"నాకు మాత్రం మొదట్లో తెలిసిందేటి? ఒకడిది తుప్పు పడతాదని గ్రీజు పూసీసినాను. నీ మేనకోడలు తిట్టిన తిట్లు ఇంకా సెవిలో ఉన్నాయి. 'మావా, ఇది ఎడ్లబండి ఇరుసు కాదు' అన్నాది. జిడ్డు తగిల్తే లివరు పిండీసినా సరే, సక్రం నీకూ నాకూ ఏటని పోతానే ఉంటాది."

ఎండ అలాగే ఉంది. జీడిపూత వాసన అలాగే వస్తోంది. జయకర్ తన కుడిచేతి వేళ్ళను చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తెలుస్తోంది, కొబ్బరి. సబ్బుతో కడుక్కోలేదు, ప్రార్థించిన నూనెను సబ్బుతో కడగడం ఇష్టం లేక. వేళ్ళ గీతల్లో మెరుస్తోంది. వేలి జిడ్డుకే అలా అయితే, అరచేతిలో పోసి పట్టించినదానికి? కాదు, అది ఉత్త నూనె కాదు, ఎంతమంది తల్లులు కన్నీళ్ళతో చేతులుంచిన నూనె, అది ఒక పిల్లకు చెడు చేస్తుందా, చెయ్యనిస్తాడా ఆయన? కార్ఖానాలో పెద్ద డ్రమ్మును తిప్పే బెల్టు మీద నూనె చుక్క పడితే బెల్టు జారిపోతుందని, పనివాళ్ళ మీద రోజూ అరిచేది ఎవరు? తనే. ఆ నూనె వేరు, ఈ నూనె వేరు. వేరేనా? బెల్టుకు తెలుసా ఏ నూనెకు ప్రార్థన జరిగిందో? ఇప్పుడు లేచి ఆపండి అని అరిస్తే, పొద్దున్న చేసిన ప్రార్థనను తనే వెనక్కి తీసుకున్నట్టు కాదా? ఊరుకుంటే, నమ్మకం నిలుపుకున్నట్టు అవుతుంది, ఆ గుంట మాత్రం రెండో మలుపులో, కదిలే రాయి దగ్గర, వేగం తగ్గించుకుందామని వేలితో లివరు నొక్కుతుంది. అతనికి ఆ వేలు కనపడింది. ఎప్పుడూ ఒక్క వేలే బ్రేకు మీద ఉంచుతుంది, మిగతావి హ్యాండిలు చుట్టూ. ఉయ్యాలలో ఉన్నప్పుడు తన చూపుడువేలిని చుట్టుకుని వదలని వేళ్ళు అవి.

"బావా" అన్నాడు. "షైని డిస్కులకి నాను నూనె రాసినాను."

ధర్మారావు తలెత్తాడు. "ఎంత?"

"బాగా. రెంటికీ. పార్దన నూనె." ఆ రెండు మాటలూ అనడానికి ఎక్కువ కష్టపడ్డాడు. తనను చూసి నవ్వితే ఓర్చుకుంటాడు, నూనెను చూసి నవ్వితే ఓర్చుకోలేడు.

ధర్మారావు నవ్వలేదు. ఒళ్ళోని చక్రాన్ని పక్కన పెట్టి అప్పటికే లేచాడు. "కామేశూ! ఓ కామేశూ! పైకి సెప్పు, షైనమ్మని దిగొద్దను. బ్రేకు నేదు దానికి!" వాకీటాకీ పట్టుకుని చెట్టు నీడన నిలబడ్డ కుర్రాడు ఉలిక్కిపడి, దాన్ని నోటికి ఆనించి పిలిచాడు. గర్రుమంది. మళ్ళీ పిలిచాడు. గర్రుమంది. కొండ భుజం అడ్డం వచ్చి ఇక్కడికి సరిగ్గా అందదని, అవతలి బండ మీద నుంచయితే అందుతుందని పరుగెత్తాడు. జయకర్ కూడా పరుగెత్తబోయి, ఎక్కడికి పరుగెత్తాలో తెలియక నిలబడిపోయాడు. జేబులో ఫోను. ఆ ఫోను పైన ఉండాల్సింది. పైన విజిలు మోగింది.

పాడుకున్నాడు. పెదవులు కదపకుండా మొదటి చరణం, నెమ్మదిగా, హడావిడి పడితే లెక్క తప్పుతుంది. రెండో చరణంలో చెట్ల మధ్య దుమ్ము లేచింది. మూడోది పూర్తి కాకముందే సైకిలు బయటికి దూకింది. నీలం హెల్మెట్. షైనిది ఎరుపు. స్తోత్రం అనుకున్నాడు, వెంటనే ఆ స్తోత్రం సగంలో ఆగింది, ఎందుకంటే ఈ అబ్బాయి తరవాత షైనే. కామేశ్ బండ మీదకు చేరి అరుస్తున్నాడు, గాలికి మాట తెలియడం లేదు. ధర్మారావు మందుల పెట్టె తెచ్చి దిమ్మ మీద పెట్టాడు. ఆ పెట్టె వంక చూడకూడదని జయకర్ కొండనే చూశాడు. రెండో విజిలు మోగింది.

మొదటి చరణం. ఆపలేదు వాళ్ళు. అందలేదు మాట. తండ్రీ, ఆ నూనెను నీరు చెయ్యి, పొద్దున్న నేను చేసినదాన్ని చెయ్యనట్టు చెయ్యి. రెండో చరణం మాటలు రావడం లేదు, ఎన్నేళ్ళుగానో పాడుతున్న పాట. దాని బదులు ఏదో రైలుగేటు గంట వినపడుతోంది, కోటబొమ్మాళి స్టేషను గట్టు, గట్టు మీంచి చెరువులోకి జారే బాట, తనూ ధర్మారావూ కలిసి అద్దెకు తీసుకున్న సైకిలు. గంటకు అద్దె, చెరో అరగంట. తన వంతు ముందు. "బ్రేకు సూసుకోరా" అన్నాడు ధర్మారావు. "పార్దన సేసుకున్నాను" అని కళ్ళు తెరిచి, పెడలు మీద కాలు వేశాడు తను. ఆ గాలి ఇప్పటికీ గుర్తుంది, చొక్కాలో దూరి వీపు దగ్గర బుడగలా నిలిచిన గాలి. అరగంట ఎప్పుడైపోయిందో తెలియదు, ధర్మారావు వెనక పరుగెత్తుతూ "నా వంతురా, నా వంతు" అని అరుస్తుంటే నవ్వుకుంటూ ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని గట్టెక్కి, చివరిసారి బ్రేకు పట్టుకుంటే అది ఉత్త కమ్మీగా చేతిలోకి వచ్చింది. చెరువు బురద. చక్రం మెలిక పడిపోయింది. ధర్మారావు తిట్టలేదు, సైకిలును నెత్తిన పెట్టుకుని షాపుదాకా మోశాడు, తను కుంటుతూ వెనక. తను చావలేదు, మెత్తని బురదలో పడ్డాడు, అంటే ప్రార్థన విన్నట్టా? బ్రేకు చూసుకుని ఉంటే బురద కూడా అక్కర్లేకపోను. అనుమానం ఆ చెరువులోంచి పుట్టింది. ధర్మారావుకు మాత్రం ఏ అనుమానమూ లేదు. పెళ్ళిలో కనపడ్డా, ఆసుపత్రిలో కనపడ్డా, సంతలో కనపడ్డా ఒకటే మాట, "నా అరగంట ఏదిరా?" వాడు సైకిలు షాపు పెట్టాడు, ఊరందరి సైకిళ్ళూ బాగుచేసి, సరిగ్గా నడుస్తున్నాయో లేదో తొక్కి చూశాడు, అయినా అది పని, అది తొక్కుడు కాదంటాడు. మూడో చరణం అయిపోయింది. ఎవరూ రాలేదు. దుమ్ము లేవలేదు. అతను మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నాడు. ఎవరూ రాలేదు. కొండ మీద పక్షి ఒకటి కూసింది, దానికేం తెలుసు. ధర్మారావు పెట్టె చంకన పెట్టుకుని దారిలోకి రెండడుగులు వేశాడు. జయకర్ అతని భుజం పట్టుకున్నాడు, ఆపడానికి కాదు, నిలబడ్డానికి.

"మావా!"

వెనకనుంచి. కొండ నుంచి కాదు, క్వారీ బాట నుంచి. ఎర్ర హెల్మెట్ హ్యాండిలుకు వేలాడదీసి, చెమటతో తడిసిన జుట్టు మొహానికి అంటుకుని, సైకిలును పక్కన నడిపించుకుంటూ షైని వస్తోంది. ప్రతి రాయికీ ఆ సైకిలు మోకాళ్ళు కుంగి లేస్తున్నాయి.

"మావా! నా సైకిలికి తలంటు పోసినావేటి?"

అతను కదలలేదు. ఆమే దగ్గరికి వచ్చింది. సైకిలును దిమ్మకు ఆనించి, అతని మొహం చూసి, గొంతు తగ్గించింది. "ఓలమ్మ, ఏడుత్తన్నావేటి?"

"ఎండ" అన్నాడు.

"విజిలూదినారు గదే!" అన్నాడు ధర్మారావు, పెట్టెను ఎక్కడ పెట్టాలో తెలియక. "ఊదితే నువ్వు బయల్దేరినావని ఇక్కడ మా పేణాలు పోయాయి."

"నాను బయల్దేరి సేనా సేపయ్యింది, నడిసి. ఆ విజిలు నా ఎనకాలోడికి. ఆడికి మొదటి గుంటలోనే గొలుసూడిపోయింటాది, అప్పుడే సెప్పినాను బిగించుకోరా అని." బాటసారిలా కూర్చుని బూట్లు వదులు చేసుకుంది. "లారీ దిగ్గానే ఎప్పుడూ సేత్తాను మావా, ఎక్కకముందు పక్కన నిలబడి ముందుకీ ఎనక్కీ తోసి రెండు బ్రేకులూ పట్టి సూత్తాను. ముందుది కీసుమన్నాది, పట్టనేదు. ఎనకది సెప్పక్కర్నేదు. ఇదేటని ఒంగి సూత్తే అమ్మమ్మ జడ వాసన."

"నాన్రాసినానని ఎలగ తెలిసింది?"

"కన్నాల్లోకి కూడా ఏలెట్టి ఇంత శ్రద్దగా రాసీవోడు ఈ జిల్లాలో ఇంకెవడున్నాడు?"

జయకర్ చెప్పాడు, ఉప్పుగాలి గురించి, సీసా గురించి, చివరికి ప్రార్థన గురించి. చెప్తూ నేల చూశాడు. షైని బూట్ల సంగతి వదిలేసి లేచింది. తరవాత అతని కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఆ జిడ్డు వేళ్ళను చూసి, తల వంచింది. "నాకు రాయి మావా. రాయాల్సింది దానికి కాదు, నాకు." అతను బొటనవేలితో ఆమె నుదుటిని తాకాడు. దుమ్ములో చిన్న శుభ్రమైన మరక పడింది. ఏం ప్రార్థించాడో అతనికే తెలియదు, మాటలు లేవు. ఆమె తలెత్తి, "ఇప్పుడెళ్ళి సబ్బెట్టి మోసేతుల దాకా కడుక్కో. అంతదాకా నా సైకిలు ముట్టుకుంటే ఊరుకోను" అంది.

"మా నిమ్మకాయలే నయం బావా" అన్నాడు ధర్మారావు, ఇప్పుడు నవ్వడానికి తనకు సెలవు దొరికినట్టు. "టైరు కింద పడుంటాయి, బ్రేకు జోలికి రావు."

కొళాయి దగ్గర సబ్బు రుద్దుకుంటూ అతను ఆలోచించాడు, లేక ఆలోచనే అతన్ని రుద్దింది. ఎక్కకముందు తోసి చూడటం ఆ పిల్ల అలవాటు. ఆ అలవాటును నిన్న తను అపనమ్మకం అనుకోబోయాడు. ఇవాళ దాన్నే పట్టుకుని పిల్ల బతికింది. మరి తన ప్రార్థన ఏమైంది? నూనెతో పాటు జారిపోయిందా? లేక ఆ పిల్ల చేతిని ఆ లివరు మీదికి పంపింది అదేనా? అది అలవాటుగా వచ్చిందా, జవాబుగా వచ్చిందా, రెండూ ఒకే గుమ్మంలోంచి వస్తాయా? ఎవరికి తెలుసు. నురగ కింద కొబ్బరివాసన పలచబడింది. మనసులో మాత్రం తేలికగా ఉంది, జవాబు దొరికిన తేలిక కాదు, పిల్ల నడిచొచ్చిన తేలిక.

తిరిగి వచ్చేసరికి రెండు చక్రాలూ ఊడి ఉన్నాయి. షైని మందుల పెట్టెలోని స్పిరిట్‌తో డిస్కులు తుడుస్తోంది, గుడ్డ మార్చి మార్చి, గుడ్డకు నలుపు అంటడం మానేదాకా. బ్రేకు బిళ్ళలను మాత్రం తీసి పారేసింది. నూనె తాగిన బిళ్ళ ఎంత తుడిచినా కక్కదట. కొత్తవి ఆమె సంచిలో ఉన్నాయి, ఎప్పుడూ ఉంటాయి. మధ్యాహ్నం రెండోసారి దిగడానికి అందరికీ ఇంకో అవకాశం ఉంది. ఆ లోపల తయారు కావాలి. బిగించడం అయ్యాక ధర్మారావు లివరు నొక్కి చూసి తృప్తిగా తలూపాడు. షైని తలూపలేదు.

"ఇప్పుడే కొండెక్కకూడదు మావా. కొత్త బిళ్ళలు డిస్కుకి అలవాటు పడాల. సదును నేల మీద తొక్కాల, మెల్లగా బ్రేకు పట్టాల, పూర్తిగా ఆగకుండా వదలాల, మళ్ళీ తొక్కాల. సల్లారనిచ్చి మళ్ళీ. నా కాళ్ళు పీకుతున్నాయి, కొండంతా నడిసినాను. ఎవరైనా తొక్కి పెట్టండి, ఓ అరగంట."

ఇద్దరు మొగాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. ధర్మారావు ముందు చూపు తిప్పుకుని, రెంచీలను మూటలో సర్దడం మొదలెట్టాడు, అప్పటికే సర్దినవాటిని. "నువ్వు తొక్కు బావా" అన్నాడు, మూటతో.

"నీ వంతు" అన్నాడు జయకర్.

"నా మోకాళ్ళు..."

"దానికున్నాయి మోకాళ్ళు. ఎక్కరా."

చదునైనా సరే హెల్మెట్ లేనిదే ఒప్పుకోనంది షైని. ఎర్ర హెల్మెట్‌లో ధర్మారావు మొహం తట్టలో పెట్టిన పనసపండులా ఉంది. పంచె ఎగ్గట్టి, సీటు ఎత్తు చూసుకుని, పక్కన నిలబడి ముందుకూ వెనక్కూ తోసి రెండు బ్రేకులూ పట్టి చూసుకుని, అప్పుడు ఎక్కాడు. క్వారీవాళ్ళు లారీలు తిప్పుకోవడానికి చదును చేసిన ఆ పెద్ద మైదానంలో మొదటి చుట్టు జాగ్రత్తగా తిరిగాడు, పని చేస్తున్నట్టు. బ్రేకు పట్టడం, వదలడం, పట్టడం, వదలడం. రెండో చుట్టులో వీపు నిటారుగా అయింది. తరవాత ఎక్కడో ఒక చిన్న గుంటలోకి కావాలనే దింపాడు. సైకిలు కుంగి లేచింది, మనిషి లేవలేదు, ఆ వింతకు ఒక కేక పెట్టాడు, ఆ కేక యాభై దాటిన మనిషిది కాదు. షైని దిమ్మకు ఆనుకుని అన్నం పొట్లం విప్పుకుని తింటూ, "బ్రేకు, మావా, బ్రేకు! తొక్కుడొక్కటే కాదు!" అని అరిచింది. జయకర్ అప్పకు ఫోను చేసి పిల్ల అన్నం తింటోందని చెప్పాడు, మిగతాది తీరిగ్గా చెప్పొచ్చని. మళ్ళీ చూసేసరికి ధర్మారావు అవతలి అంచున ఉన్నాడు, దుమ్ములో, పంచె గాలికి ఉబ్బి.

"అరగంటయిపోయిందా బావా?" అని అక్కణ్ణించి అరిచాడు.

అయిపోయి చాలా సేపయింది. "ఇంకా నేదు!" అని అరిచాడు జయకర్. "తొక్కు!"

ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. చివరికి ధర్మారావు మైదానం మధ్యలోంచి నేరుగా అతనికేసి వచ్చాడు, వేగంగా, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ. జయకర్ పక్కకు తప్పుకోలేదు. ఒక్క వేలితో లివరు నొక్కితే సైకిలు ముందుకు వంగి, చప్పుడు చెయ్యకుండా, అతని చెప్పుల ముందు ఆగింది.

"బాకీ సెల్లు, బావా" అన్నాడు ధర్మారావు, రొప్పుతూ.